యూరప్ పరిశోధన లక్ష్యాలు: 3 శాతమా, ర్యాంకా, డ్యాష్‌బోర్డా? ఏది చూడటం మేలు?

ఈయూలోని 27 దేశాలూ కలిసి పెట్టుకున్న పరిశోధన లక్ష్యాల వైపు ఎవరు ఎంత నడిచారో తెలియాలంటే ఏ కొలత పట్టుకోవాలి? ఈ విషయం చదువుతున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఏ కొలతైనా అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎందుకు మారిందో, దానికి జవాబుదారీ ఎవరో కూడా చెప్పగలిగే కొలతే పనికొస్తుంది.

ముందుగా, జీడీపీలో 3 శాతం పరిశోధనకు ఖర్చు చేయాలన్న లక్ష్యం. 2002 బార్సిలోనా శిఖరాగ్ర సమావేశంలో పెట్టుకున్న దీనికి గడువు 2010. ఆ తర్వాత 2020 అన్నారు. ఆ గడువులు రెండూ దాటిపోయాయి గానీ ఈయూ సగటు ఇప్పటికీ 2.2 శాతం దగ్గరే ఉంది. ఒక్క అంకె కాబట్టి పత్రికల శీర్షికల్లో చక్కగా ఇముడుతుంది. కానీ అది భిన్నం: లవంలో పరిశోధన ఖర్చు, హారంలో జీడీపీ. లవం కదలకపోయినా హారం మారితే చాలు, శాతం మారిపోతుంది.

2015లో బహుళజాతి కంపెనీలు మేధో సంపత్తిని ఐర్లండ్ ఖాతాల్లోకి మార్చుకోవడంతో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. ల్యాబుల్లో ఎవరూ పని మానలేదు. అయినా పరిశోధన ఖర్చు సుమారు 1.5 శాతం నుంచి 1.2 శాతానికి పడిపోయింది. అందుకే ఐర్లండ్‌కు మాత్రం హారంలో జీడీపీ బదులు బహుళజాతి కంపెనీల ఇలాంటి ప్రభావాలను తీసేసి అక్కడి గణాంక శాఖ ఇచ్చే సవరించిన జీఎన్ఐ (స్థూల జాతీయ ఆదాయం) వేసి చూడాలి.

ఎస్టోనియాలో చిక్కు లవం వైపు వచ్చింది. 2011లో 2.3 శాతం దాకా ఎగబాకి, 2014కల్లా 1.5 శాతం లోపుకు దిగింది. విశ్వవిద్యాలయాలు ఎదిగీ కాదు, చితికీ కాదు. ఆయిల్ షేల్ (నూనె తీసే రాయి) పరిశ్రమ పెట్టిన భారీ సాంకేతిక పెట్టుబడి పరిశోధన ఖర్చు కింద లెక్కకొచ్చి, తర్వాత ఆగిపోయింది, అంతే.

ఇక ర్యాంకు. 2001 నుంచి వస్తున్న, దేశాలకు ర్యాంకులిచ్చే యూరోపియన్ ఇన్నొవేషన్ స్కోర్‌బోర్డు ఈ ఒక్క అంకె చిక్కును తప్పించుకుంటుంది గానీ ఇంకోదాంట్లో పడుతుంది. 32 సూచికలను 0–1 మధ్యకు మార్చి, అన్నింటికీ ఒకే బరువిచ్చి సగటు తీస్తారు. డాక్టరేట్లు తగ్గినా ట్రేడ్‌మార్కులు పెరిగితే సగటు మారదు, కారణం కనబడదు. పైగా ఈయూ సగటులో 125 శాతం దాటితే ‘లీడర్’, 100 దాటితే ‘స్ట్రాంగ్’, 70 దాటితే ‘మోడరేట్’. 99 నుంచి 101కి జరిగిన దేశానికి కొత్త బిరుదు వస్తుంది, లోపల మారింది మాత్రం దాదాపు శూన్యం. నీతి ఆయోగ్ 2021 ఇన్నొవేషన్ ఇండెక్స్‌లో పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణది రెండో స్థానం అన్న వార్తనూ ఇదే జాగ్రత్తతో చదవాలి.

నా మొగ్గు సూచికలను విడివిడిగా చూపే డ్యాష్‌బోర్డుకే. 2021 నవంబరులో ఈయూ కౌన్సిల్ ఆమోదించిన పరిశోధన ఒప్పందం తర్వాత ఈయూ మొత్తానికి ఒక స్కోర్‌బోర్డు (పైన చెప్పిన ఇన్నొవేషన్ స్కోర్‌బోర్డు కాదు), ఒక్కో దేశానికి డ్యాష్‌బోర్డు అని విడదీశారు. సూచికలను కలిపేయరు, ర్యాంకులూ ఇవ్వరు. 3 శాతంలో 1.25 శాతం ప్రభుత్వాల వాటా కావాలన్నది కూడా ఇప్పుడు లక్ష్యమే కాబట్టి, లోటు ఖజానాదా కంపెనీలదా అన్నది తేల్చుకోవచ్చు.

చదివే పద్ధతి ఇదీ. బడ్జెట్ కేటాయింపునూ, ల్యాబులు, కంపెనీలు నిజంగా ఖర్చు చేశామని సర్వేలో చెప్పిన మొత్తాన్నీ విడివిడిగా పెట్టుకోండి. ఆ రెండూ కలవవు. శాతంతో పాటు స్థిర ధరల్లో (ధరల పెరుగుదల తీసేసి) యూరోలు చూడండి, కనీసం ఐదేళ్ల గీత చూడండి. ఈయూ గణాంక సంస్థ యూరోస్టాట్ పట్టికలో అంకె పక్కన ‘బి’ ఉంటే లెక్కించే పద్ధతి మారిందని అర్థం, దానికి ముందూ వెనకా పోల్చకూడదు. ‘పి’ ఉంటే తాత్కాలికం. ఏడాది ముగిసిన 10 నెలలకు తాత్కాలిక లెక్క, 18 నెలలకు తుది లెక్క వస్తాయి. నిన్న చేసిన చట్టం ఫలితం ఇవాళ్టి పట్టికలో వెతకడం దండగ.

డ్యాష్‌బోర్డుకు లోపాలు లేవని కాదు. ఖాళీ గడులు చాలా ఉంటాయి. ‘ఓపెన్ యాక్సెస్ విధానం ఉందా’ అనే గడిలో ‘ఉంది’ అని పడితే వ్యాసాలు నిజంగా అందరికీ తెరిచి ఉన్నాయని కాదు. ర్యాంకు లేదు కాబట్టి మంత్రులకు సిగ్గూ పుట్టదు. ర్యాంకు వద్దని దేశాలు పట్టుబట్టేదీ అందుకేనేమో!

బల్గేరియా 2015లో, హంగరీ 2016లో చేయించుకున్నట్టు బయటి నిపుణుల సమీక్ష కూడా ఉంది. లోతు ఎక్కువే, కానీ రెండు దేశాలను పోల్చడానికి అక్కరకు రాదు. మహిళా పరిశోధకుల వాటా ఒక్కటే కావాలంటే మూడేళ్లకోసారి వచ్చే షీ ఫిగర్స్ నివేదిక తెరిస్తే సరిపోతుంది.