పెద్ద వాటాదారులకు ఏ దారి మేలు: మంతనమా, ఓటా, అమ్మకమా?

గాజువాకలో ఉక్కు కార్మికుడు మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టే సిప్, ఎంవీపీ కాలనీలో విశ్రాంత ఉపాధ్యాయురాలు చెల్లించే ఎల్ఐసీ ప్రీమియం చివరికి పదుల కొద్దీ లిస్టెడ్ కంపెనీల షేర్లలోకి చేరుతాయి. డబ్బు విశాఖ పొదుపరులది, కానీ ఆ షేర్లపై ఓటు హక్కు ఫండు సంస్థది, బీమా సంస్థది. అందుకే యాజమాన్యం తప్పుదారి పట్టినప్పుడు ఆ సంస్థలు ఏం చేస్తాయన్నది మన ఇంటి విషయమే.

అమ్ముకుని తప్పుకోవడం అన్నిటికన్నా తేలిక. అయితే నిఫ్టీ వంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండుకు ఆ వీలు లేదు, సూచీలో ఉన్నంతకాలం ఆ షేరును ఉంచుకోవలసిందే. పెద్ద వాటా ఒక్కసారిగా అమ్మకానికి వస్తే ధర పడి, ఆ నష్టం కూడా పొదుపరుల మీదే పడుతుంది.

యాజమాన్యంతో లోపల కూర్చుని మాట్లాడడం రెండో దారి. 2020 జూలై 1న అమలులోకి వచ్చిన, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్టీవార్డ్‌షిప్ కోడ్ (పొదుపరుల తరఫున ఫండ్లు ఎలా నడుచుకోవాలో చెప్పే నియమావళి) మ్యూచువల్ ఫండ్లను ఇందుకే ప్రోత్సహిస్తోంది. పరువుకు భంగం లేకుండా తప్పు దిద్దుకునే అవకాశం కంపెనీకి దొరుకుతుంది, నిజమే. కానీ ఆ గదిలో ఏం జరిగిందో పొదుపరికి తెలియదు, గట్టిగా అడిగారో మొక్కుబడిగా అడిగారో తేల్చుకునే మార్గం లేదు.

ఓటు అలా కాదు. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు ప్రతి తీర్మానంపైనా ఓటు వేయాలి, ఎటు వేశారో, ఎందుకు వేశారో వెల్లడించాలి. దాని బలం 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో కనిపించింది. సిద్ధార్థ లాల్‌ను మేనేజింగ్ డైరెక్టర్‌గా మళ్లీ నియమించే ప్రత్యేక తీర్మానానికి దాదాపు 73 శాతం ఓట్లు వచ్చినా, కావలసిన 75 శాతం అందక అది వీగిపోయింది. వేతన పరిమితిని తగ్గించి మళ్లీ అడిగాకే వాటాదారులు ఒప్పుకున్నారు. 2024 మేలో నెస్లే ఇండియా మాతృసంస్థకు చెల్లించే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి క్రమంగా 5.25 శాతానికి పెంచాలని కోరినప్పుడు, ఆ డబ్బు అందుకునే సంబంధిత పక్షం కాబట్టి ప్రమోటరు (ప్రధాన యజమాని) అయిన మాతృసంస్థ ఓటు లెక్కకు రాలేదు, మిగిలినవారు తిరస్కరించారు. నా దృష్టిలో ఓటే మేలైనది, ఎందుకంటే ఓటు వెనుక ఉంటేనే మంతనానికీ విలువ వస్తుంది.

బహిరంగ పోరు ఆఖరి దారి. 10 శాతం వాటా ఉన్నవారు అసాధారణ సర్వసభ్య సమావేశాన్ని కోరవచ్చు. 2021లో దాదాపు 18 శాతం వాటాతో అమెరికా ఫండు సంస్థ ఇన్వెస్కో టీవీ చానళ్ల జీ సంస్థను అలాగే కోరింది; వివాదం బాంబే హైకోర్టుకు ఎక్కింది, 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఇన్వెస్కోకు అనుకూలంగా తీర్పిచ్చినా, ఆ వెంటనే ఆ సంస్థ తన కోరికను విరమించుకుంది. అన్ని నెలల అనిశ్చితిని చిన్న వాటాదారు కూడా భరించాలి.

అయినా ఓటు అన్నిచోట్లా పారదు. మన విశాఖ కేంద్రంగా పనిచేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌నే చూడండి. 2019లో విశాఖతో సహా నాలుగు ఓడరేవులు కేంద్రం నుంచి 73.47 శాతం వాటా కొన్నాయి. ఆ వాటాయే ప్రమోటర్లయిన ఆ ఓడరేవుల చేతిలో ఉంటే, సగానికి మించి ఓట్లు వస్తే చాలే సాధారణ తీర్మానాన్ని మిగతావారంతా కలిసినా ఆపలేరు. ప్రత్యేక తీర్మానాన్ని ఆపాలంటే (75 శాతం లెక్క పోలైన ఓట్లలోనే కాబట్టి) మొత్తం షేర్లలో 24.49 శాతానికి మించి వ్యతిరేక ఓట్లు పడాలి, అంటే బయటివారి చేతిలోని 26.53 శాతంలో దాదాపు అందరూ కదలాలి. ఇలాంటి కంపెనీలో ఫండ్లు ఓడరేవుల యాజమాన్యాలతోనే ఓపికగా మాట్లాడడం తప్ప వేరే దారి పెద్దగా లేదు.