టెలి మానస్ 14416: కడుపునొప్పి అని ఫోన్ చేస్తే నా పని గురించి అడిగారు

ముందు డబ్బుల లెక్క చెప్తాను. ఏడాదిన్నరలో కడుపునొప్పి కోసం హనుమకొండలో ఇద్దరు డాక్టర్ల చుట్టూ తిరిగాను. రెండుసార్లు ఈసీజీ, ఒకసారి స్కానింగ్, ఒకసారి గొట్టం వేసి లోపల చూశారు, రక్తపరీక్షలు వేరే. అన్నీ కలిపి 13,000 పైనే అయింది, అప్పుడు నా జీతం నెలకు 11,500. రిపోర్టులన్నీ నార్మల్. "గ్యాసమ్మా, కారం తగ్గించు, టైముకు తిను" అని గోళీలు రాసిచ్చారు. నువ్వు ఏం పని చేస్తావు, అక్కడ ఎట్లుంటది అని ఒక్కరూ అడగలేదు. అడిగింది టెలి మానస్ వాళ్లు మాత్రమే, అదీ ఫోన్‌లో, పైసా తీసుకోకుండా. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, నాలాగా బట్టల షాపుల్లో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో నలిగిపోతున్న ఆడపిల్లలు మన వరంగల్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు కాబట్టి.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. టెలి మానస్ అంటే 14416 నంబరుతో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న, అంటే ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థ దీన్ని ముందుండి నడిపిస్తుంది. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, 20 భాషల్లో ఉంది, తెలుగు ఉంది. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పెద్ద డాక్టర్‌కు కలుపుతారు, లేదంటే దగ్గర్లో ఏ ఆస్పత్రికి వెళ్లాలో చెప్తారు.

ఇక నా సంగతి. వర్ధన్నపేట దగ్గర ఒక ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి వరంగల్‌లో ఒక బట్టల షోరూంలో ఆరేళ్లు సేల్స్‌లో చేశాను. షాపు పేరు చెప్పను. పైఅంతస్తు పట్టుచీరల సెక్షన్, అక్కడ తెల్ల పరుపుల మీద కూర్చుని చీరలు విప్పి చూపిస్తారు, అమ్మిన ప్రతి చీర మీద ఇన్సెంటివ్ వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో జీతానికి సమానంగా ఇన్సెంటివ్ తీసుకున్న వాళ్లున్నారు. కింద సెల్లార్‌లో లంగాలు, లైనింగులు, ఫాల్స్. అక్కడ పరుపు లేదు, స్టూలు లేదు, ఇన్సెంటివ్ లేదు, పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. (కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలే తెచ్చాయి. షాపులో నిలబడే ఆడవాళ్లకు ఒక స్టూలు కోసం చట్టం కావాల్సి వచ్చిందంటే ఆలోచించండి.)

నేను ఆరేళ్లూ సెల్లార్‌లోనే ఉన్నాను. నా తర్వాత వచ్చిన అమ్మాయిలు నా దగ్గరే చీరలు మడతపెట్టడం నేర్చుకుని ఆరు నెలలు తిరక్కుండా పైకి పోయారు. మూడుసార్లు అడిగాను. మూడోసారి ఫ్లోర్ ఇన్‌ఛార్జి మొహం మీదే చెప్పాడు, "పట్టుచీర నీ చేతుల మీద వేసుకుని చూపిస్తే కస్టమర్లకు మంచిగనిపియ్యదమ్మా, నువ్వే అర్థం చేసుకో" అని. నేను నల్లగా ఉంటాను. ఆ రోజు ఇంటికి పోయి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

అయినా నన్ను లోపల నుంచి తిన్నది ఆ మాట కాదు, గ్లాసు. పీఎఫ్ కాగితాల కోసం సర్టిఫికెట్లు ఇచ్చిన నెలలోనే నా కులం ఏందో అందరికీ తెలిసిపోయింది. ఒకరోజు చాయ్ టైంలో నా చేతికి వచ్చిన స్టీలు గ్లాసు అడుగున గులాబీ రంగు నెయిల్ పాలిష్ చుక్క ఉంది. మర్నాడు కూడా అదే గ్లాసు. తర్వాత చూసుకుంటే మిగతావన్నీ ట్రేలో బోర్లించి ఉంటాయి, అదొక్కటి కిటికీ గూట్లో విడిగా ఉంటుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నవ్వుతూనే పలకరిస్తారు, అక్కా అనే పిలుస్తారు, చాయ్ మాత్రం అందులోనే పోస్తారు. రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని ఎప్పుడో రద్దు చేసింది, మా షాపులో అది చిన్న రంగు చుక్కగా మిగిలి ఉంది. నేను చాయ్ మానేశాను. తర్వాత నీళ్లు కూడా తగ్గించాను, బాత్రూంకు పోవాలన్నా ఇన్‌ఛార్జిని అడగాలి కాబట్టి. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. తర్వాత మొదలైంది కడుపునొప్పి, దాంతోపాటే రాత్రి మూడింటికి మెలకువ, గుండె దడ, ఇంట్లో పిల్లల మీద ఊరికే అరవడం.

14416కు చేసింది ఒక రాత్రి పదకొండున్నరకు, ఇంటి వెనక బావి గట్టు మీద కూర్చుని. భాష అడిగితే తెలుగు ఎంచుకున్నాను, కొద్దిసేపట్లోనే ఒక మేడమ్ లైన్లోకి వచ్చారు. పేరు చెప్పడం ఇష్టం లేదంటే బలవంతం చేయలేదు. నేను కడుపునొప్పి గురించి, నిద్ర గురించి చెప్పుకుంటూ పోయాను. ఆమె మధ్యలో ఆపకుండా విని, చివర్లో ఒకటే అడిగారు: "ఈ నొప్పి అస్సలు రాని రోజులు ఎప్పుడైనా ఉన్నాయామ్మా?"

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది. మా అక్క కాన్పుకని పన్నెండు రోజులు సెలవు పెట్టి ఊర్లో ఉన్నాను. ఆ పన్నెండు రోజులూ మూడు పూటలా ఆవకాయే, ఇంట్లో ఎర్రగా కారం వేసిన కూరలే. ఒక్కనాడు నొప్పి రాలేదు. మళ్లీ డ్యూటీకి పోయే ముందు రాత్రి మొదలైంది. కారం తగ్గించమన్న డాక్టర్ మాట విని ఏడాది పాటు చప్పిడి తిన్నదాన్ని నేను. ఆ సంగతి ఫోన్‌లో చెప్తూ చెప్తూ ఏడ్చేశాను, ఆమె తొందర పెట్టలేదు. "అక్కడ మీతో ఎవరెట్ల ఉంటరో చెప్పండి" అన్నారు. అప్పుడు మొదటిసారి ఆ గ్లాసు గురించి ఇంకో మనిషికి చెప్పాను. అప్పటిదాకా ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మనల్ని ఎవరో తక్కువ చేస్తారని రోజంతా కాచుకుని ఉంటే ఒంటికి అది నిజంగా ప్రమాదం వచ్చినట్టే లెక్క. ప్రమాదం అప్పుడు పనికొచ్చే అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అరుగుదల దెబ్బతింటుంది. పది నిమిషాలైతే ఒళ్లు తట్టుకుంటుంది, కానీ ఏళ్ల తరబడి రోజుకు పదిగంటలు అట్లా బిగబట్టి ఉంటే నిద్ర పోతుంది, కడుపు పోతుంది. నొప్పి నిజమైనదే, మీరు నటించడం లేదు, మీరు పిరికివాళ్లు కారు అని కూడా అన్నారు. ఆ మాట కోసమే నేను 13,000 ఖర్చుపెట్టి తిరిగానేమో అనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) లెక్కలో డిప్రెషన్, యాంగ్జైటీ వల్ల ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయట, పనిచేసే చోట వివక్ష కూడా మనసు ఆరోగ్యాన్ని దెబ్బతీసే వాటిలో ఒకటని వాళ్లే చెప్తున్నారు. మా ఇన్‌ఛార్జి మాత్రం నేను సెలవు పెట్టిన ప్రతిసారీ "నీకు పని మీద మనసు లేదు" అని జీతం కోసేవాడు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయమన్నారు. నొప్పి ఎన్నింటికి వచ్చింది, దానికి ముందు ఏం తిన్నాను, ఏం జరిగింది. పిల్లల పాత రఫ్ నోట్సులో రాశాను. పద్నాలుగు రోజుల్లో తొమ్మిదిసార్లు నొప్పి వచ్చింది, తొమ్మిదింట్లో ఏడు నాలుగున్నర, అయిదు మధ్యలోనే. అది చాయ్ టైం. తిండికీ దానికీ ఏ సంబంధం కనిపించలేదు. ఆ కాగితం చూశాక ఇంక నన్ను నేను తిట్టుకోవడం ఆగిపోయింది.

రెండోసారి చేసినప్పుడు బీపీ, నిద్ర గురించి ఎదురుగా డాక్టర్‌కు చూపించుకోమని చెప్తే వరంగల్ పెద్ద సర్కారు ఆస్పత్రి ఎంజీఎంలో మానసిక వైద్యం ఓపీకి పోయాను. అక్కడికి పోతే పిచ్చి అనుకుంటారని మా అత్తమ్మ భయపడింది. ఏం కాలేదు, ఓపీ చీటీ, వరసలో నిలబడటం, కొన్నాళ్లకు మందులు, అంతే.

ఇది ఏం చేయదో కూడా చెప్పాలి. 14416 వాళ్లు మీ ఓనర్‌తో మాట్లాడరు, ఇన్‌ఛార్జి మీద కేసు పెట్టరు, అది వాళ్ల పని కాదు. కులం పేరుతో చిన్నచూపు చూస్తే ఫిర్యాదుకు 14566 ఉంది, ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాల నిరోధానికి 2021 డిసెంబర్‌లో పెట్టారు. వకీలు కావాలంటే 15100, న్యాయ సేవల సంస్థ నంబరు. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయం ఎంతున్నా న్యాయ సహాయం ఉచితమని 1987 చట్టంలోనే ఉంది. నేను కేసు పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ అప్పుడు నాకు ముందు నిద్ర కావాల్సి వచ్చింది. మీకు ఓపిక ఉంటే ఆ గ్లాసును ఫోటో తీసి పెట్టుకోండి, తారీఖు రాసుకోండి, నేను ఆ పని కూడా చేయలేదు.

ఇప్పుడు హనుమకొండలో ఒక మందుల ఏజెన్సీలో బిల్లింగ్ చేస్తున్నాను, జీతం 1,500 తక్కువ, కుర్చీ ఉంది. చాయ్ పేపర్ కప్పుల్లో వస్తుంది, అందరికీ అవే. నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, నెలకు ఒకటి రెండుసార్లు వస్తుంది. రాత్రి మూడింటి మెలకువ మాత్రం పోయింది.

సర్వీసుకు నా మార్కులు 5కు 5. చేసేటప్పుడు ఒంటరిగా కూర్చుని అరగంట తీరిక చూసుకుని చేయండి, బస్సులోంచి చేస్తే సగం మాటలు మింగేస్తాం. పాత షాపు సెల్లార్‌లో ఇంకా పనిచేస్తున్న ఇద్దరు అమ్మాయిలకు ఫాల్స్ ప్యాకెట్ అట్ట మీద నంబరు రాసిచ్చాను. మొన్న ఒకామె చేసిందట, గంటసేపు మాట్లాడిందట.