గుర్రం దగ్గరికి వెళ్లాక బరువు తూచిన ర్యాంచ్

టెక్సస్‌లోని ఒక క్రైస్తవ ర్యాంచ్‌కు, అంటే గుర్రాలుండే పెద్ద పొలంలో నడిచే శిబిరానికి, మేము చాలా వేసవులుగా వెళ్తున్నాం. మొదట్లో కుటుంబ శిబిరానికి అందరం కలిసి వెళ్లేవాళ్లం. తర్వాత మా అబ్బాయి ఒక్కడే ప్రత్యేక అవసరాలున్న పిల్లల వారానికి వెళ్లడం మొదలుపెట్టాడు. వాడికి ఆటిజం. ఫీజు, గదులు, ఈత కొలను, రోజువారీ పట్టిక అన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోను. నేను రాయదలచింది గుర్రం గురించి, ఇంకా సూటిగా చెప్పాలంటే గుర్రానికి పెట్టిన బరువు పరిమితి గురించి.

ముందు మంచి చెప్పాలి. లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. మా వాడు రోజంతా కలిపి మాట్లాడే మాటలు తక్కువ. గుర్రం ఎక్కితే మాత్రం గట్టిగా ‘వాక్ ఆన్’ అంటాడు. ఆ మాట అంటేనే గుర్రాన్ని కదిలిస్తారు, అనకపోతే నిలబెట్టే ఉంచుతారు. మొదటి ఏడాది ఆ మాట కోసం అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. ముందు పగ్గం పట్టుకున్న అమ్మాయి, రెండు పక్కలా నడిచే ఇద్దరు, నీడలో నేను. మాట వచ్చింది, గుర్రం కదిలింది. తను అన్నదానికి అంత పెద్ద జంతువు వెంటనే స్పందించడం వాడికి ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చాక లిఫ్టుకూ కారుకూ కూడా అదే చెప్పాడు. గుంటూరులో మా అత్తయ్యకు వీడియో పంపితే ‘పడితే ఎవరమ్మా పట్టుకునేది?’ అని అడిగారు. పక్కన నడిచే వాళ్ల పని అదేనని చెప్పాను. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

గుర్రం మీద కూర్చోవడం ఉత్త సరదా కాదు. గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కూడా దాదాపు అలాగే కదులుతుంది. అందుకే ఫిజియోథెరపీలో గుర్రానికి చోటు దొరికింది. పోలియోతో మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడిన లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ మహిళ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో రజతం గెలిచింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకు మనిషి సాయం కావలసి వచ్చేది. వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలు ఆ తర్వాతే పుంజుకున్నాయి. అమెరికాలో వాటి సంఘం 1969లో ఏర్పడింది.

ఇక జరిగింది చెబుతాను. కిందటిసారి, నేను చూస్తుండగానే, మా వాడు ఎప్పటిలాగే శిరస్త్రాణం పెట్టుకుని ర్యాంప్ పైకి ఎక్కాడు. కింద బిస్కెట్ నిలబడి ఉంది. గోధుమ రంగు ముసలి గుర్రం, ప్రతి ఏడాదీ వాడికి అదే ఇస్తారు. గుర్రాల బాధ్యత చూసే వాళ్లను అక్కడ ర్యాంగ్లర్ అంటారు. ఆ వేసవికి కొత్తగా వచ్చిన ర్యాంగ్లర్ వాడిని ఎగాదిగా చూసి, ఆగమని చెప్పి, శాలలోకి వెళ్లి బరువు తూచే యంత్రం తెచ్చింది. మా వాడికి అంకెలంటే ప్రాణం. ఎక్కి నిలబడి, వచ్చిన అంకెను వరుసలో ఉన్న పిల్లలందరికీ వినపడేలా సంతోషంగా చదివాడు. పరిమితి కన్నా కొన్ని పౌండ్లు ఎక్కువ. ఆమె క్షమాపణ చెప్పింది, గొంతులో బాధ కూడా ఉంది. కానీ ఈ ఏడాది స్వారీ లేదంది.

వాడికి అర్థమయ్యేలా చెప్పే మాట నా దగ్గర లేదు. ‘వాక్ ఆన్’ అన్నాడు. బిస్కెట్ కదల్లేదు. ఇంకా గట్టిగా అన్నాడు. ఆ మాట అంటే గుర్రం కదులుతుందని నేర్పింది వాళ్లే కదా! తర్వాత ర్యాంప్ మీదే కూర్చుండిపోయాడు. వెనక చక్రాల కుర్చీలో ఒక పాప తన వంతు కోసం చూస్తోంది. మా వాడికి తోడుగా ఇచ్చిన కాలేజీ కుర్రాడు వాడి పక్కనే కూర్చుని, లెమ్మని ఒక్కసారి కూడా అనకుండా, చాలాసేపటి తర్వాత ఎలాగో దింపాడు. ఆ పూట పాటలకూ బైబిలు కథకూ ఇద్దరూ పోలేదు.

కారణాలు సాయంత్రం నిర్వాహకుడు చెప్పాడు. రెండూ సరైనవే. గుర్రం తన బరువులో సుమారు 20 శాతం మోయవచ్చునన్నది వాడుకలో ఉన్న లెక్క, అందులో జీను బరువు కూడా కలపాలి. వెయ్యి పౌండ్ల గుర్రానికి అన్నీ కలిపి రెండు వందలు. జీను ముప్ఫై పౌండ్లుంటే మనిషికి మిగిలేది నూట డెబ్బై. ముసలి గుర్రానికి ఇంకా తగ్గిస్తారు. రెండోది నేను అంతకుముందు ఆలోచించని కోణం. గుర్రం బెదిరితే పక్కన నడిచేవాళ్లు పిల్లవాణ్ణి అమాంతం దింపి పట్టుకోవాలి. వాళ్లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాలంటీర్లు. అత్తయ్య అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు మారిపోయింది.

కాబట్టి పరిమితి మీద నాకు కోపం లేదు. నా కోపమంతా అది ర్యాంప్ పైకి ఎక్కాక తెలియడం మీద. వాడి ఎత్తూ బరువూ మార్చిలో పంపిన ఫారంలో రాశాం. డాక్టరు సంతకం చేసిన కాగితంలోనూ ఉన్నాయి. ఎవరూ చూడలేదు. పైగా వాడు వేసుకునే మందుల జాబితాలో రిస్పెరిడోన్ ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చిరాకు, దాడి చేసే స్వభావం తగ్గించడానికి అమెరికాలో 2006లో ఆమోదం పొందిన మందు అది. ఆకలి పెరగడం, ఒళ్లు రావడం దాని వల్ల తరచుగా కనిపించేవే. ఆ వారానికి వచ్చే తల్లుల్ని అడిగితే సగంమంది ఆ మందు సంగతి చెబుతారు. ఇలాంటి పిల్లల కోసమే వారం నడిపే చోట, పద్నాలుగేళ్లు వచ్చేసరికి కొందరు బరువు దాటిపోతారని ముందే తెలిసి ఉండాలి. మార్చిలో ఒక ఫోను చేసి ఉంటే ఈసారి స్వారీ ఉండదని మూడు నెలలు బొమ్మల్లో చూపించి వాణ్ణి సిద్ధం చేసేదాన్ని.

చట్టం సాయం చేస్తుందా అని మా ఆయన వెతికారు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టంలో వ్యాపార స్థలాలకు వర్తించే భాగం నుంచి మత సంస్థలకు మినహాయింపు ఉంది. అంటే ఇలాంటి ర్యాంచ్‌లు మన పిల్లల్ని చేర్చుకోవడం చాలావరకు వాళ్ల ఇష్టంతో జరిగేది. అది తలచుకుంటే కోపం కాస్త తగ్గుతుంది, మళ్లీ అందుకే పెరుగుతుంది కూడా.

స్వారీకి బదులుగా బిస్కెట్‌కు మాలీసు చేయమన్నారు. తర్వాతి రెండు రోజులూ చేశాడు. బాగానే చేశాడు. వెళ్లేటప్పుడు ఇచ్చిన ఫోటోల్లో నవ్వుతూ కూడా ఉన్నాడు. ఆ ఫోటోలు చూసినవాళ్లు అంతా సర్దుకుందనుకుంటారు. మాలీసు అయ్యాక ప్రతిసారీ ర్యాంప్ వైపు నడిచేవాడని ఆ కాలేజీ కుర్రాడు చెబితేనే నాకు తెలిసింది.

తోడు ఉండే ఈ కుర్రవాళ్ల గురించి ఇదివరకు తెలిసిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పటికీ మంచి పిల్లలే. కానీ ఏటా మారిపోతారు, వాళ్లకు దొరికే శిక్షణ కొద్ది రోజులే. మనకు మంచివాడు దొరికితే వారం బాగుంటుంది.

భక్తి సంగతి చాలామంది అడుగుతారు. మేము లూథరన్ క్రైస్తవులం, మాకు పాటలూ ప్రార్థనా ఇంట్లో ఉన్నవే. హిందూ కుటుంబాలు వచ్చాయి, వాళ్ల పిల్లల్ని ఎవరూ బలవంతపెట్టలేదు గానీ, రోజుకు రెండు పూటలా ఆరాధన ఉంటుందని తెలిసే రావాలి. మన సంఘాల్లో నా కొడుకు తల మీద చేయి పెట్టి స్వస్థత కోసం ప్రార్థించని పెద్దలు అరుదు. ఇక్కడ అలా ఒక్కరూ చేయలేదు. వాడు ఉన్నట్టుగానే వాడికి కుర్చీ వేశారు. నేను ఇన్నేళ్లు తిరిగి వెళ్లడానికి గుర్రం తర్వాత కారణం అదే.

చిన్న పిల్లలున్నవాళ్లు, బరువు తక్కువ ఉన్నవాళ్లు నిశ్చింతగా వెళ్లవచ్చు. పదేళ్లు దాటిన పిల్లవాడు, మందులు వాడుతున్నవాడు, గుర్రం కోసమే వెళ్తున్నవాడు అయితే డబ్బు కట్టే ముందే పరిమితి ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి. పెద్ద జాతి గుర్రాలు ఉన్నాయా అని కూడా అడగండి, కొన్ని చోట్ల ఉంటాయి. మేము ఈ ఏడాది కుటుంబ శిబిరానికి పేరు ఇచ్చాం. మా పెద్దమ్మాయికి అక్కడ తనలాగే ప్రత్యేక అవసరాలున్న పిల్లల అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ దొరుకుతారు, అది మాకు ఇంకెక్కడా దొరకలేదు. గుర్రాల వేళకు వాణ్ణి చెరువు వైపు తీసుకెళ్లాలని మా ఆయన ఆలోచన, అది పారుతుందని నాకు నమ్మకం లేదు. కొత్త ఫారం వచ్చింది. బరువు పరిమితి ఉంటుందని ఈసారి మొదటి పేజీలోనే రాశారు. ఎంతో మాత్రం రాయలేదు, ‘గుర్రాన్ని బట్టి’ అని ఉంది.