సరిహద్దు పల్లెలో క్వారంటైన్ కేంద్రం: మేము చూసిన సేవ

2020 మే నెలలో కరోనా లాక్‌డౌన్ వల్ల సూరత్ మరమగ్గాల పని ఆగిపోయి, వలస కూలీల కోసం నడిపిన శ్రామిక్ రైలులో తిరిగివచ్చిన మా తమ్ముడు, ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న మా పంచాయతీ పాఠశాలలోని క్వారంటైన్ కేంద్రంలో గడిపిన రోజులను బట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. ఒడిశా ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లోనే సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇవ్వడంతో నిర్ణయాలు ఊళ్లోనే జరిగాయి. వంట బాధ్యత మహిళా సంఘం తీసుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సంఘం పెద్దావిడ గచ్చు మీద సుద్దగీత అవతల వేడి అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) ఉన్న విస్తరి ఉంచి, వెనక్కి జరిగి, "కడుపునిండా తిను నాయనా" అని తెలుగులోనే చెప్పేది. ఒడియా రాని మా పిల్లలకు ఆ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

మరుగుదొడ్లు చాలలేదు. గడువు పూర్తిచేసిన వారికి ప్రభుత్వం ప్రకటించిన రూ.2,000 కోసం, పాస్‌బుక్‌లో ఇంటిపేరు వేరుగా ఉందని ఒక కార్యాలయం తమ్ముణ్ణి రెండుసార్లు తిప్పి పంపింది. చివరికి సంఘం మహిళలే వెంట వెళ్లి ఆ పని చేయించారు. దరఖాస్తు ఫారాలు తెలుగులోనూ ఇచ్చి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.