నెల్లూరు, ఒంగోలు పైపు ప్రియులూ, ఈ ‘ఇటలీ బ్రయర్’ జోలికి పోకండి

నెల్లూరులో దుకాణం ఉందని చెప్పుకుంటూ వాట్సాప్‌లో పొగ తాగే పాత పైపులు, విదేశీ పొగాకు డబ్బాలు అమ్ముతున్న ఒక వ్యాపారి గురించి ఇది. ఒంగోలు, కందుకూరు, కావలి వైపు పైపులు సేకరించేవాళ్లం ఎక్కువ మంది లేము. ఉన్న కొద్దిమందికీ ఇతని సందేశాలు వస్తున్నాయని తెలిసి రాస్తున్నాను.

ఆరున్నర వేలు తీసుకుని నాకు పంపింది ‘ఇటలీ బ్రయర్’ పైపు ఒకటి, ‘లటాకియా మిశ్రమం’ అనే పొగాకు డబ్బా ఒకటి. రెండూ దగాయే.

బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదలు దగ్గర ఉబ్బే గడ్డ. దాన్ని గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టాకే పైపు చెక్కుతారు. నిప్పుకు బాగా తట్టుకుంటుంది. ఆ కర్రలో ఒకవైపు సన్నని గీతలు, అడ్డంగా కోసిన వైపు చిన్న చిన్న కళ్లలాంటి చుక్కలు కనిపిస్తాయి. నాకొచ్చినదానిలో అన్ని వైపులా ఒకే ముదురు గోధుమరంగు. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి పైపు గిన్నె (పొగాకు నింపే భాగం) అడుగున రుద్దితే దూది ఎర్రబడింది. అసలు బ్రయర్‌కు కూడా రంగు వేస్తారు కాబట్టి రంగు దిగినంత మాత్రాన దొంగ సరుకు అనకూడదు, కింద ఏ కర్ర ఉందో చూడాలి. ఇక్కడ బయటపడింది గీతలూ చుక్కలూ ఏవీ లేని పాలిపోయిన మామూలు కర్ర. పైగా గిన్నె లోపల కూడా వార్నిష్ పూశారు, గోటితో గీరితే పొరగా ఊడివచ్చింది. వెలిగిస్తే ఆ వార్నిష్ పొగ నేరుగా గొంతులోకే. పొగాకు చేసే చేటు చాలదన్నట్టు!

నోట్లో పెట్టుకునే గొట్టం మీద ఒక తెల్ల చుక్క కూడా పెట్టారు. అది డన్‌హిల్ గుర్తు. అసలు పైపుల్లో ఆ చుక్కను గొట్టంలోకి పొదుగుతారు, ఇది మాత్రం ఉత్త పెయింటు. ఇంగ్లండు కంపెనీ గుర్తు ఇటలీ పైపు మీదికి ఎలా వచ్చిందో అతనికే తెలియాలి.

ఇక పొగాకు. లటాకియా అంటే కట్టెల పొగలో ఆరబెట్టిన ఆకు. సిరియా రేవు పట్నం పేరు దానికి వచ్చింది, తర్వాత సైప్రస్ సరుకు ప్రసిద్ధి. మూత తీయగానే పొగచూరిన వాసన రావాలి. ఈ డబ్బాలోంచి వచ్చింది వెనిల్లా సెంటు. చుట్ట కాల్చే మా పెదనాన్న ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది మన కొండపి ఆకేరా, సెంటు కొట్టారు” అని తేల్చేశాడు. చిటికెడు తీసి తెల్లకాగితం మీద నలిపితే కాగితానికి నల్లరంగు అంటింది. మధ్యలో కాడ ముక్కలు. మన బ్యారన్లలో (పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో) ఆరిన వర్జీనియా రకం ఆకు తక్కువదని కాదు, దాన్ని విదేశాలవాళ్లూ కొంటారు. దానికే రంగు పట్టించి, తడిపి బరువు పెంచి, సైప్రస్ పేరుతో ప్రకాశం జిల్లావాళ్లకే అమ్మడానికి ఎంత ధైర్యం ఉండాలి!

డబ్బా లేబుల్ కింద మరో లేబుల్ అంచు కనిపిస్తోంది. బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక అసలే లేదు. పైపు పొగాకు కూడా 2003 నాటి పొగాకు చట్టం కిందికే వస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌కు ముందూ వెనకా 85 శాతం మేర ఆ హెచ్చరిక ఉండాలి. అది లేని డబ్బా ఎంత విదేశీదైనా ఇక్కడ అమ్మకూడదు.

ఫోను చేస్తే “తెరిచిన డబ్బా వెనక్కు తీసుకోము సార్” అన్నాడు. పైపు మాటేమిటంటే “వాడిన పైపు కదండీ” అన్నాడు, నేను అగ్గిపుల్ల కూడా గీయకముందే. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇప్పటికే డబ్బు పంపినవారు కొరియర్ కవరు, చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణ దాచుకోండి. సైబర్ మోసాలకు 1930, వినియోగదారుల ఫిర్యాదులకు 1915. ఆ పైపును మాత్రం వెలిగించవద్దు.

ఇప్పుడు కొత్త పేరుతో, కొత్త నంబరుతో ‘టర్కీ మీర్‌షామ్’ (తెల్లని మెత్తటి ఖనిజంతో చెక్కే పైపు) అంటూ తెల్ల పైపు ఒకటి చూపిస్తున్నాడు. అసలు మీర్‌షామ్ చేతిలో పెట్టుకుంటే ఆశ్చర్యపడేంత తేలిక, పొడిగా ఉన్నప్పుడు నాలుక తగిలిస్తే అంటుకుంటుంది. ఫొటోలో ఆ పరీక్షలు చేయలేం గాని, పైపు కింద పరిచిన నీలిగళ్ల గుడ్డను చూడండి. నాకు పంపిన ఫొటోల్లోనూ అదే గుడ్డ, ఎడమ మూల అదే కాలిన మచ్చ.