బల్లమీద చందుర్తి యుద్ధం: అమలాపురం గేమ్ రూమ్ ఎలా ఉంది?

ఆరడుగుల బల్ల, 15 మిల్లీమీటర్ల బొమ్మలు, ఇద్దరు ఆటగాళ్లు, ఒక అంపైర్. ఆడించేది 1758 డిసెంబరు నాటి చందుర్తి పోరు: ఇంగ్లిషు కర్నల్ ఫోర్డ్‌, విజయనగరం రాజు ఆనందరాజు ఒకవైపు, ఫ్రెంచివాళ్లు మరోవైపు.

అంపైరింగే ఇక్కడ అసలు సరుకు. ఎత్తైన చేను వెనకున్న ఫోర్డ్ తెల్లసైన్యాన్ని అంపైర్ బల్లమీద పెట్టడు, చీటీలో రాసి దాస్తాడు. ఫోర్డ్ వైపు ఎర్రకోట్ల సిపాయిలే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచి ఆటగాడు వాళ్లమీదికి ఉరుకుతాడు. అప్పుడూ జరిగిందదే!

ఆటగాడు తన దళానికి ఆర్డరు ‘ముందుకు’ అని రాస్తే చెల్లదు, దిక్కూ అంగుళాలూ ఉండాలి.

బొమ్మల బేసులే (కింది పలకలే) నాసి. అంచులకి వార్నిష్ లేక వానాకాలం తేమకి ఎండీఎఫ్ (చెక్కపొడి అట్ట) ఉబ్బింది. వరస సరిగా అతకదు, అర అంగుళం తేడా, ఇక గొడవే. కొలత టేపు మీరే పట్టుకెళ్లండి.