డీజిల్ ట్యాంకులో రీడ్ స్విచ్ సెండర్: మూడు సీజన్లు వాడాక

చెన్నై చేపల రేవు కాశిమేడులో పాత బోటు ఇంధన ముల్లు కదలడం మానేస్తే చాలామంది ముందు కొనేది కొత్త గేజ్, అంటే ఆ ముల్లున్న మీటరు. డబ్బు దండగ. ఎక్కువసార్లు రోగం ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో కొలిచి గేజ్‌కి పంపే సెండర్‌లోనో, దాని ఎర్త్ వైరులోనో ఉంటుంది.

ఇక్కడ చెప్పేది 375 మిల్లీమీటర్ల 316 స్టెయిన్‌లెస్ స్టీల్ రీడ్ స్విచ్ సెండర్ గురించి. దాని కడ్డీ లోపల రీడ్ స్విచ్‌లు, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే చిన్న స్విచ్‌లు, వరసగా ఉంటాయి. డీజిల్ మీద తేలే ఫ్లోట్ కడ్డీ వెంట జారుతూ వాటిని మూస్తుంది, దాంతో ఓమ్‌లు (విద్యుత్ నిరోధం) మారతాయి. పెట్టింది ఇరవయ్యేళ్లు దాటిన ఫైబర్ బోటులో, 150 లీటర్లు పట్టే నలుచదరపు ఇనుప ట్యాంకులో. లోతు 400 మిల్లీమీటర్లు.

కొనేముందు ఒక పరీక్ష. తాళం ఆన్ చేసి గేజ్ వెనక ఎస్ (సెండర్) పిన్ను వైరు పీకండి. తర్వాత ఎస్, జి (ఎర్త్) పిన్నులను చిన్న వైరు ముక్కతో ఒక్క క్షణం కలపండి. వైరు పీకినప్పుడు ముల్లు ఖాళీకి, కలిపినప్పుడు నిండుకి వెళ్తే గేజ్ మంచిదే, అది 240-33 ఓమ్‌ల (ఖాళీకి 240, నిండుకి 33) అమెరికన్ రకం. తలకిందులుగా కదిలితే 10-180 (ఖాళీకి 10, నిండుకి 180) యూరోపియన్ రకం. సెండర్ కూడా అదే రకం కొనాలి, కలిపి వాడితే ముల్లు తిరగబడుతుంది. ఈ పని గేజ్ దగ్గరే చేయండి, ట్యాంకు మూత దగ్గర కాదు. పెట్రోల్ బోటైతే ముందు ఇంజిన్ గదిలో గాలి బాగా ఆడనివ్వాలి. ట్యాంకు విప్పేముందు బ్యాటరీ తీసేయాలి.

ఇక ఎర్త్. సెండర్ వైర్లు విప్పి, దాని రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 240-33 రకమైతే సగం ట్యాంకుకి 103 ఓమ్‌లు దగ్గర్లో చూపాలి. 240, 33 కూడి సగం చేస్తే వచ్చే 136 కాదు, చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. తర్వాత వైర్లు మళ్లీ సెండర్‌కి కలిపి, వాటి గేజ్ వైపు కొసలు విప్పి అక్కడ కొలవండి. తేడా మూడు నాలుగు ఓమ్‌లు దాటితే తీగల్లోనో జాయింట్లలోనో పచ్చటి తుప్పు పట్టిందన్నమాట. 240-33 రకంలో ఆ అదనపు ఓమ్‌లు ముల్లుని కిందికి లాగుతాయి, డీజిల్ ఉన్నా తక్కువ చూపిస్తుంది. ఈ సెండర్‌తో వచ్చిన రెండు తీగలూ కళాయి లేని రాగివే. మొదటి సీజన్‌లోనే జాయింటు పోయింది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే కళాయి వైరు, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేశాక మళ్లీ తడవలేదు.

అమర్చడంలో తిప్పలు తక్కువే. ఐదు రంధ్రాల్లో ఒకటి పక్కకి ఉంటుంది, కాబట్టి ఒకే తీరున కూర్చుంటుంది. గ్యాస్కెట్ నైట్రైల్‌దై (డీజిల్‌కి తట్టుకునే రబ్బరు) ఉండాలి. మామూలు సిలికాన్ పూయకండి, డీజిల్‌కి అది మెత్తబడి ఊడుతుంది. ప్రతి స్క్రూ కింద సీలింగ్ వాషర్ పెట్టాలి, లేకపోతే అలల్లో డీజిల్ పైకి కారుతుంది.

నచ్చినవి: పాత చేయి ఊగే సెండర్‌లా అరిగిపోయే రుద్దుడు భాగం లేదు. ముల్లు వణుకు బాగా తగ్గింది.

నచ్చనివి రెండు. ఇది మెట్లుమెట్లుగా చదువుతుంది. 21 మిల్లీమీటర్లకొక మెట్టు, అంటే ఈ ట్యాంకులో సుమారు 8 లీటర్లు. అడుగున దాదాపు 40 మిల్లీమీటర్లు దానికి కనపడవు, ముల్లు సున్నా మీద పడినా 15 లీటర్ల దాకా మిగులుంటుంది. అయితే ఇంజిన్‌కి పీల్చే గొట్టం కూడా అడుగు దాకా వెళ్లదు, ఆ మిగులుని నమ్ముకోవద్దు.

రెండోది అసలు గొడవ. ఫ్లోట్‌లో అయస్కాంతం ఉంటుంది. ఇనుప ట్యాంకులో రాలే తుప్పు పొడి దానికి మీసంలా అంటుకుని, కడ్డీ మీద ఫ్లోట్ జారకుండా పట్టేస్తుంది. రెండో ఏడాది ముల్లు ముప్పావు దగ్గరే నిలిచిపోవడానికి కారణం ఇదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల చేపల వేట నిషేధంలో ఎలాగూ బోటు ఒడ్డునే ఉంటుంది. అప్పుడు సెండర్ తీసి, శుభ్రమైన డీజిల్‌లో గుడ్డతో తుడిచి, ఫ్లోట్‌ని పై నుంచి కిందికి జారుస్తూ మల్టీమీటర్ చూడండి. ఒక్కచోట అంకె ఎగిరిపోతే అక్కడి స్విచ్ తెరిచే ఉండిపోయింది. ఫ్లోట్ ఎంత దించినా ఒక అంకె దాటి పెరగకపోతే అక్కడిది అతుక్కుంది. ఇది ప్రమాదం, ట్యాంకు ఖాళీ అవుతున్నా ముల్లు సగం చూపిస్తూనే ఉంటుంది. రిపేరు ఉండదు, మొత్తం మార్చాల్సిందే.

ఫైబర్, అల్యూమినియం ట్యాంకులకి కళ్లు మూసుకుని కొనొచ్చు. ఇనుప ట్యాంకుకి ఏటా తుడిచే ఓపికుంటేనే కొనండి. ఏ సెండర్ పెట్టినా, ఖాళీ ట్యాంకులో పదేసి లీటర్లు పోస్తూ గీతలు పెట్టిన కొలకర్ర ఒకటి బోటులో ఉంచుకోండి. అడుగు ‘వి’ ఆకారంలో ఉన్న ట్యాంకుల్లో ముల్లు సగం చూపితే డీజిల్ సగం కంటే బాగా తక్కువే ఉంటుంది.